ఎస్ఎంబీ1: ఉంచాలా, తీసేయాలా?

మా బాబాయి జిరాక్స్ షాపులో కొత్త కంప్యూటర్ పెట్టిన రోజే పేచీ మొదలైంది. పాత మెషీన్ మీద ఆధార్ కార్డు పెట్టి స్కాన్ నొక్కితే ఫైలు ఫోల్డర్‌లోకి రావడం లేదు. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడ్డారు. మెకానిక్ వచ్చి, విండోస్ ఫీచర్లలో 'ఎస్ఎంబీ 1.0' కింద ఉన్న గడులన్నింటికీ టిక్కు పెట్టి రీస్టార్ట్ చేశాడు. స్కాన్ వచ్చేసింది. "ఇంక దీని జోలికి పోకండి" అని డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం బాబాయి ఫోన్: "అది అలా ఉంటే నష్టమేంట్రా?"

కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి ఎస్ఎంబీ. అందులో 1980ల నాటి పాత రకం ఈ ఎస్ఎంబీ1 (ఎస్ఎంబీ 1.0 అన్నా ఇదే). 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ దూరింది ఈ దారిలోనే. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఒక కంప్యూటర్‌కు అంటుకుంటే పక్కదానికి అదే పాకేది. ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు అడిగేది. బ్రిటన్ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న.

"అప్‌డేట్లు వేసుకుంటున్నాంగా!" అంటే, నిజమే, ఆ కన్నం పూడింది. కానీ ఎస్ఎంబీ1లో ఎన్‌క్రిప్షన్, అంటే పంపే డేటాను ఇతరులు చదవకుండా దాచడం, అన్నదే లేదు. ప్యాచ్ వేస్తే అది రాదు. అందుకే 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి మైక్రోసాఫ్టే దీన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేసింది.

మెకానిక్ చూడనిది ఒకటుంది. ఆ టిక్కుల్లో క్లయింట్ వేరు, సర్వర్ వేరు. పాత నాస్ డబ్బా (నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే పరికరం) లోని ఫైళ్లు మనం తెచ్చుకోవాలంటే క్లయింట్ చాలు. స్కానర్ తనే వచ్చి మన కంప్యూటర్‌లో ఫైలు పెట్టాలంటే మాత్రం సర్వర్ కావాలి. వన్నాక్రై కొట్టింది సర్వర్ భాగాన్నే. కాబట్టి నాస్ ఉన్నవాళ్లు, డేటా కొత్తదానిలోకి మార్చుకునేదాకా క్లయింట్ ఒక్కటీ ఉంచుకుంటే నేను పెద్దగా తప్పుపట్టను. అదీ పూర్తిగా సేఫ్ కాదనుకోండి. స్కానర్ కోసం సర్వర్ తెరిచి పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు. రోజంతా జనం ఆధార్లు, పాన్ కార్డులు ఉండే కంప్యూటర్ అది!

మరి స్కాన్లు ఎలా? ముందు మెషీన్‌కు కొత్త రకమైన ఎస్ఎంబీ2 ఇచ్చే ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) ఉందేమో చూడాలి, ఉంటే గొడవే లేదు. మాకు దొరకలేదు. ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి ఎఫ్‌టీపీ పెట్టొచ్చు గానీ, అదీ పాతదే, పాస్‌వర్డ్‌ను దాచకుండానే పంపుతుంది. కొత్త మెషీన్ అంటే బాబాయి మాట మార్చేశాడు. చివరికి మిగిలింది పెన్‌డ్రైవ్. మెషీన్‌కే గుచ్చి స్కాన్ చేసి, తీసి కంప్యూటర్‌కు పెట్టడం. ఒక్కో గిరాకీకి అర నిమిషం ఎక్కువ పడుతోంది. టిక్కులన్నీ తీసేశాం. పెన్‌డ్రైవ్ పోకుండా బాబాయి దానికి దారం కట్టి మెషీన్‌కు వేలాడదీశాడు.