ఒకటో తారీకు పింఛను సేవ: మూడున్నర స్టార్లు

ఊరి పేరెందుకు లెండి, కొండపి వైపు. మా అమ్మకు వృద్ధాప్య పింఛను 4000. ముప్పై ఏళ్లు పొగాకు గ్రేడింగుకు పోయిన మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి చేతుల జిగురు వదిలేదాకా ఇసుకతో రుద్దుకునేది. వేళ్ల మీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి.

2024 జులై నుంచి వాలంటీర్ల బదులు గ్రామ సచివాలయం ఉద్యోగులే ఇంటికి తెచ్చిస్తున్నారు. ఆ నెల బకాయిలతో కలిపి 7000 ఇచ్చారు, బాగానే ఉంది. ఆ తర్వాత మా బజారుకు ఒకాయన పడ్డాడు. మిషన్ మీద బొటనవేలు రెండుసార్లు పెట్టించి, ఎర్ర లైటు రాగానే "పడట్లా, సచివాలయానికి రండి" అని బండెక్కేవాడు. అమ్మ ఆటోలో పోయి మూడింటిదాకా బల్ల మీద కూర్చునేది. ఆయన్నీ పూర్తిగా తప్పు పట్టలేం. పది గంటలయ్యేసరికి ఎంత శాతం అయిందని పైనుంచి ఫోన్లు మొదలు.

తర్వాత బదిలీల్లో పొదిలి వైపు అమ్మాయి వచ్చింది. ముందు చెంబుతో నీళ్లడిగింది. అమ్మ వేళ్లు కడిగి, తన చున్నీతోనే తుడిచి, ఒక్కో వేలూ పెట్టి చూసింది. ఎడమచేతి ఉంగరం వేలు కూడా పడలేదు. అప్పుడు వెలుతుర్లోకి, వేపచెట్టు పక్కకు తీసుకెళ్లి ఫోన్ ఎదురుగా పట్టి, "అవ్వా, కళ్లు ఒకసారి మూసి తెరువు" అంది. అమ్మ సిగ్గుపడి, "ఈ వయసులో నాకు కన్ను కొట్టడం నేర్పుతున్నావా అమ్మాయ్" అని ఒకటే నవ్వు. ముఖం పట్టేసింది. ఎనిమిది ఐదొందల నోట్లు చేతిలో పెట్టింది. నేనడిగితే, ఈ ముఖం ఆప్షన్ ఫోన్లో ముందునుంచీ ఉందేనంది!

మా తమ్ముడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. లిప్‌స్కీ అని అమెరికా ఆయన ఒకడు 1980లోనే రాశాడంట, జనానికి ఎదురుపడే చిన్న ఉద్యోగి ఏం చేస్తాడో అదే చివరికి పాలసీ అని. "ఆయనెవరో మన ఊరొచ్చి పోయినట్టున్నాడే" అంది అమ్మ.

ఒక స్టారు ఆ బల్ల మీద పోయిన మధ్యాహ్నాలకు తీసేశా. అర స్టారు మాత్రం అమ్మే కోయించింది. ఈ అమ్మాయి పెట్టుకున్న వరస వేరు: ఆరింటికి కూలికి పోయేవాళ్ల ఇళ్లు, తర్వాత మంచాన పడ్డవాళ్లు, ఆ తర్వాతే మిగతావాళ్లు. ఎవరూ రాసిచ్చింది కాదు, తనే పెట్టుకుంది. తొమ్మిదైనా మా వాకిట్లోకి రాదని అమ్మ సణుగుడు.