రియోమీటరా, లైట్ స్కాటరింగా: సర్ఫాక్టెంట్ ద్రావణాలకు ఏది మేలు?

నెల్లూరు, ఒంగోలు వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు ఎప్పుడూ అడిగేది ఇదే: "సార్, సీటాబ్‌లో సోడియం సాలిసిలేట్ కలిపాం, జిగురుగా అయింది. ఇప్పుడు రియోమీటర్‌లో పెట్టాలా, లైట్ స్కాటరింగ్ చేయాలా?"

సీటాబ్ సబ్బులాంటి పదార్థం, అంటే సర్ఫాక్టెంట్. రియోమీటర్ ద్రావణాన్ని అటూ ఇటూ మెలితిప్పి సాగుదల, జిగట కొలుస్తుంది; లైట్ స్కాటరింగ్ కాంతి చెదిరే తీరు నుంచి లోపలి కదలికను పట్టుకుంటుంది. ముందు ఆ ద్రావణం ఉన్న సీసాను గిర్రున తిప్పి టక్కున ఆపండి. లోపలి బుడగలు ఆగి, కొంచెం వెనక్కి తిరుగుతాయి. అది సాగే గుణం. కాలేజీ ల్యాబులో ఉండే ఆస్ట్‌వాల్డ్ విస్కోమీటర్ (జిగట మాత్రమే కొలిచే గాజు గొట్టం)కు అది చిక్కదు, దాన్ని పక్కన పెట్టేయండి.

రియోమీటర్ రిలాక్సేషన్ కాలాన్ని, అంటే ద్రావణంలో ఒత్తిడి సడలడానికి పట్టే సమయాన్ని, చక్కగా ఇస్తుంది. కానీ ఊపే పౌనఃపున్యం సెకనుకు వంద రేడియన్లు దాటేసరికి పరికరం జడత్వమే కొలతలో కలిసిపోతుంది. సర్ఫాక్టెంట్ అణువులు గుంపుకట్టి చేసే పురుగుల్లాంటి మిసెల్స్ ఎంత పొడవో, ఎంత బిరుసో చెప్పే సమాచారం చాలావరకు ఆ పైనే ఉంది. నా దృష్టిలో తేల్చేది ఇదే. లైట్ స్కాటరింగ్‌లోనే ఒక రకమైన డిఫ్యూజింగ్ వేవ్ స్పెక్ట్రోస్కోపీలో ద్రావణం పాలలా తెల్లబడేదాకా పాలీస్టైరీన్ పూసలు కలిపి లేజర్ వేస్తాం. పూసల కదలిక నుంచి సాగుదల, జిగట లెక్కగట్టే దారిని 1995లో మేసన్, వైట్జ్ చూపించారు. ఈ పద్ధతి సెకనుకు లక్ష రేడియన్ల దాకా వెళ్తుంది, పైగా ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రావణం చాలు. నా ఓటు దీనికే.

అయితే పూసలను గుడ్డిగా నమ్మకూడదు. మిసెల్ వలలో కన్నాలు పదుల నానోమీటర్లు, పూస వాటికంటే బాగా పెద్దదిగా, 500 నానోమీటర్లయినా ఉండాలి. మామూలు పాలీస్టైరీన్ పూస మీద రుణావేశం, సీటాబ్‌ది ధనావేశం. అందుకే సీటాబ్ పూసకు అంటుకుంటుంది. రెండు సైజుల పూసలతో చేసి, వక్రాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో లేదో చూసుకోండి.

మామూలు డీఎల్ఎస్ (పూసలతో తెల్లబరచకుండా చేసే డైనమిక్ లైట్ స్కాటరింగ్)? పలుచని ద్రావణాలకు సరిపోతుంది, అంతే.

మన ఎండలకు ఏసీ 20లో పెట్టుకుంటాం కదా, 25 డిగ్రీల లోపు సీటాబ్ స్ఫటికాలు కట్టే ప్రమాదం ఉంది. ఏ పద్ధతైనా ఉష్ణోగ్రత నిలకడగా ఉంచాల్సిందే.

కాంతి చెప్పేది కదలకుండా ఉన్న ద్రావణం సంగతి. షాంపూ సీసాలోంచి ఎలా జారుతుంది, పంపులో ఎలా పారుతుంది అన్నది మీ ప్రశ్నయితే రియోమీటరే దిక్కు. రెండూ అందుబాటులో ఉంటే, తక్కువ పౌనఃపున్యాల దగ్గర రెండు వక్రాలనూ కలిపి చూడండి. కలవకపోతే ముందు పూసలనే అనుమానించండి.