పది డాలర్ల మొక్కజొన్న బెండు పైపు: ఏళ్ల తరబడి వాడాక

చవకలో పొగ తాగడానికి మంచి పైపు ఏదని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: మిస్సోరీ మీర్షామ్ కంపెనీ వాళ్ల మొక్కజొన్న బెండు పైపు. గింజలు ఒలిచేశాక మన ఊళ్లలో పొయ్యిలో పెట్టేస్తామే, ఆ బెండే. అమెరికాలో సెయింట్ లూయిస్ వచ్చిన కొత్తలో ఒక సిగార్ షాపు కౌంటర్ మీద చూసి షోకేసు బొమ్మ అనుకున్నాను. 'లెజెండ్' అనే మోడల్, నేను కొన్నప్పుడు పది డాలర్ల లోపే. ఇన్నేళ్లయినా ఎక్కువగా వాడేది దాన్నే.

అంతకు ముందు హైదరాబాద్‌లో ఉండగా ఆన్‌లైన్‌లో ఒక చెక్క పైపు తెప్పించుకున్నాను. కంపెనీ పేరంటూ ఏమీ లేదు. నిగనిగలాడుతూ చూడముచ్చటగా ఉండేది. ఆ నిగనిగే కొంప ముంచింది. బౌల్, అంటే పొగాకు నింపే గిన్నె, దాని లోపల కూడా వార్నిష్ పూసి పంపారు. వెలిగించగానే పొగాకు వాసన కంటే ముందు పెయింట్ డబ్బా వాసన కొట్టింది, అంచు మీద పొక్కులు లేచాయి. పైగా పొగ వెళ్లే రంధ్రాన్ని బౌల్ అడుగున కాకుండా కాస్త పైన తొలిచారు. దాంతో రంధ్రానికి కింద ఉన్న పొగాకు ఎప్పటికీ కాలేది కాదు. తడిసి ముద్దై, పీల్చినప్పుడల్లా గురగురమనేది.

కాబట్టి చవక పైపు చేతికి తీసుకుంటే పాలిష్ కంటే ముందు బౌల్ లోపలికి చూడండి. లోపల మెరుపు ఉంటే వదిలేయండి. రంధ్రం అడుగుకి ఆనుకునే ఉండాలి. షాపులో ఒప్పుకుంటే మౌత్‌పీస్ వైపు నుంచి ఒక పైప్ క్లీనర్ (నూగు చుట్టిన సన్నటి తీగ) దూర్చి చూడండి. ఎక్కడా ఇరుక్కోకుండా బౌల్‌లోకి రావాలి. రాకపోతే రోజూ శుభ్రం చేసేటప్పుడు తలనొప్పే. ఫిల్టర్ ఉంటే ముందు దాన్ని తీసి చూడాలి లెండి.

బెండు పైపులో ఈ గొడవలు తక్కువ. ఈ కంపెనీ ఉన్నది సెయింట్ లూయిస్‌కి పడమరగా గంట ప్రయాణంలో, మిస్సోరీ నది ఒడ్డున ఉన్న వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో. హెన్రీ టిబ్బీ అనే డచ్ వలసదారు, చెక్క పని చేసుకునే మనిషి, 1869లో వీటిని చేసి అమ్మడం మొదలుపెట్టాడు. బెండు పైభాగం గరుకుగా గుంటలు గుంటలుగా ఉంటుంది కదా, దానికి ప్లాస్టర్ పట్టించి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంట్ తీసుకున్నాడు. మామూలు మొక్కజొన్న దీనికి పనికిరాదు. మందంగా, గట్టిగా ఉండే బెండు కోసమే ప్రత్యేకమైన హైబ్రిడ్ రకం పండిస్తారు, కోశాక చాలాకాలం ఎండబెడతారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫొటోల్లో అమెరికా సైన్యాధికారి జనరల్ మెకార్థర్ నోట్లో కనిపించే ఆ పెద్ద బెండు పైపు కూడా వీళ్లదే.

వాడకంలోకి వస్తే, మొదట్లో కాస్త తియ్యటి మొక్కజొన్న రుచి తగులుతుంది, నాలుగైదు సార్లు కాల్చాక పోతుంది. బెండు తేమని పీల్చుకుంటుంది కాబట్టి పొగ పొడిగా వస్తుంది. చెక్క పైపుని ఒకసారి కాల్చాక ఒక రోజైనా ఆరనివ్వాలంటారు; దీనికి అంత పట్టింపు లేదు. మాది ప్రకాశం జిల్లా, బ్యారన్ (పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) నుంచి దించిన వర్జీనియా ఆకు వాసన మధ్య పెరిగాం కాబట్టి నా మొగ్గు అటే. కానీ వర్జీనియాలో చక్కెర ఎక్కువ, గబగబా పీలిస్తే నాలుక మండిపోతుంది. ఈ పైపుకి అమెరికన్ బర్లీ అనే పొగాకు రకం బాగా కుదురుతుంది. వెనీలా, చెర్రీ ఘాటుతో వచ్చే పొగాకులకి మాత్రం వేరే బెండు పెట్టుకోండి. ఆ వాసన ఒకసారి పట్టిందంటే మళ్లీ వదలదు.

లోపాలు లేవని కాదు. లెజెండ్‌లో చెక్క కాడ కొస బౌల్ లోపలికి కొంచెం పొడుచుకొచ్చి ఉంటుంది. మొదటి రోజుల్లో అది మాడుతూ చేదు వాసన వేస్తుంది. అడుగు కూడా బెండే కాబట్టి చివరిదాకా లాగి కాలిస్తే పలచబడుతుంది. నేను సిగార్ బూడిదని నాలుగు చుక్కల నీళ్లతో ముద్దలా కలిపి, కాడ కొస కిందంతా నింపి, రెండు రోజులు ఆరనిచ్చాను. రంధ్రం పూడిపోకుండా ఆరేదాకా పైప్ క్లీనర్ అందులోనే ఉంచాలి. ఆ పూత ఇప్పటికీ ఊడలేదు. ఇంత ఓపిక లేకపోతే ఇంకొన్ని డాలర్లు పెట్టి 'కంట్రీ జెంటిల్‌మన్' తీసుకోండి, దాని అడుగున గట్టి చెక్క బిళ్ల ఉంటుంది.

మౌత్‌పీస్ మెత్తటి ప్లాస్టిక్. పళ్లతో పట్టుకునే అలవాటుంటే గాట్లు పడతాయి, నాది అలాగే అరిగింది. విడిగా కొని మార్చుకోవచ్చు. లోపల పేరుకునే మసిని చాకుతో గీకకండి, మసితో పాటు బెండు కూడా ఊడొస్తుంది. కాల్చడం అయ్యాక మెత్తటి కాగితంతో గట్టిగా తుడిస్తే చాలు.

పైపు పొగని ఊపిరితిత్తుల్లోకి లాగరు కాబట్టి ఫర్వాలేదని కొందరంటారు. నమ్మకండి. నోటి క్యాన్సర్ ముప్పు దీనికీ ఉంది. అలవాటు లేనివాళ్లు ఈ సమీక్ష చదివి మొదలుపెట్టనక్కర్లేదు.

ముప్పై నలభై డాలర్లకి వచ్చే బ్రయర్ పైపుల సంగతి కూడా అడుగుతుంటారు. బ్రయర్ అంటే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక పొద మొదట్లోని గట్టి బుడిపె, వేడిని బాగా తట్టుకుంటుంది. అయితే ఆ ధరలో దొరికేవాటిలో చాలావాటికి గుంటలు పూడ్చి, అవి కనపడకుండా ముదురు రంగు కొట్టి ఉంటుంది. కాల్చడానికి ఇబ్బందేమీ ఉండదు గానీ ఆ డబ్బుకి మూడు బెండు పైపులొస్తాయి. నేనైతే ఆ మూడే కొంటాను. చేతిలో పైపు దర్జాగా కనపడాలనుకునేవాళ్లు మాత్రం బ్రయర్‌కే వెళ్లండి. బెండు పైపుతో పార్టీకి వెళ్తే పొలం నుంచి ఎప్పుడొచ్చావని మా ఫ్రెండ్స్ ఇప్పటికీ ఏడిపిస్తారు.