తిరుపతి వాళ్ళకు: పళ్ళు తెల్లగా చేసే ఆ ఆఫర్‌కి డబ్బులు కట్టొద్దండి

నెల రోజులుగా ఊర్లో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది కదా, "ఒక్క సిట్టింగ్‌లో ఎనిమిది షేడ్ల తెలుపు, 3,499 మాత్రమే" అని, దాని గురించే రాస్తున్నా. పేరు రాయను, చూసినవాళ్ళకు తెలుస్తుంది. మొన్న శనివారం నేను పోయి వచ్చినా. ఈ రోజుకీ చల్లనీళ్ళు నోట్లో పోసుకోలేకపోతున్నా.

తొమ్మిది రోజుల్లో మా చెల్లెలి పెళ్ళి, తిరుచానూరులో. పెళ్ళికూతురి అక్కను, ప్రతి ఫోటోలోనూ ఉంటా. రోజూ మూడు నాలుగు కాఫీలు తాగే అలవాటు, పళ్ళు పసుపెక్కినాయి. అందుకే పోయినా.

నా పైవరస ముందు పన్ను ఒకటి క్యాప్. పదేళ్ళ కిందట స్కూటీ మీంచి పడి విరిగితే వేయించుకున్నది. కుర్చీలో కూర్చోగానే ఆ మాటే మొదట చెప్పినా. "ఇది క్యాప్ మా, దీనికేం ఇబ్బంది లేదు కదా?" అని. "అన్నీ ఒకే తీరుగా తెల్లగా వస్తాయి మేడమ్" అనింది ఆ అమ్మాయి. నోరు తెరిపించి లోపల చూసింది లేదు. డాక్టరు అనే మనిషే ఆడ లేడు. పెదవులు లాగిపట్టే ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి, జెల్ పూసి, నీలం లైటు నోటి ముందుకు జరిపింది. పది నిమిషాలకే చిగుళ్ళు మంట. చెయ్యెత్తి చూపిస్తే "పని చేస్తా ఉంది మేడమ్, ఓర్చుకోండి" అనింది. ఓర్చుకున్నా. ఆ నిమిషమే లేచి వచ్చేసి ఉండాల్సింది, నా తప్పు అక్కడే.

అయిపోయినాక అద్దం చేతికిచ్చినారు. చిగుళ్ళ అంచు పొడుగునా సున్నం పూసినట్టు పాలిపోయి ఉంది. పళ్ళు తెల్లబడినాయి, అది నిజమే. కానీ వాటి మధ్యలో క్యాప్ మాత్రం పాత రంగులోనే ఉండిపోయింది. పదేళ్ళుగా పక్క పళ్ళలో కలిసిపోయి, నేను చెబితే తప్ప ఎవరికీ తెలియని పన్ను అది. ఇప్పుడు నోరు తెరిస్తే ముందు కనపడేది అదే.

మేనేజరును పిలిపించినా. ఆమె నా ముఖం కూడా సరిగ్గా చూడకుండా, "క్యాప్ ఉన్న సంగతి మీరు ముందే చెప్పాలి కదా మేడమ్?" అనింది. నేను చెప్పిన అమ్మాయి పక్కనే, రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. "ఏమ్మా, నీకు చెప్పలేదా నేను?" అన్నా. తల వంచుకుని చేతి గ్లవుజులు తీస్తా ఉండిపోయింది, ఒక్క మాట లేదు. బయట కుర్చీల్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని వింటున్నారు. అప్పుడు మేనేజరు అన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. "నవ్వేటప్పుడు పైపెదవి రోంత కిందికి పెట్టుకోండి, కనపడదులే." మూడున్నర వేలు పోయినదానికంటే ఆ మాటకే నాకు కన్నీళ్ళొచ్చినాయి. డబ్బులు తిరిగివ్వం అన్నారు. బిల్లడిగితే తేదీ, మొత్తం రాసిన చిన్న చీటీ ఒకటిచ్చినారు.

సోమవారం పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోయినా. ఆమె చిన్న అద్దం పెట్టి ఒక్కో పన్ను చూసింది. జెల్‌లో ఉండే తెల్లబరిచే మందు, పెరాక్సైడ్, సొంత పన్ను రంగునే మారుస్తుందంట, క్యాప్ మీదా సిమెంటు నింపిన తావులోనా పని చెయ్యదంట. క్లినిక్‌లో పూసే జెల్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది కాబట్టి, ముందు చిగుళ్ళకు అడ్డంగా ఒక పూత వేసి గట్టిపరిచి అప్పుడు పూస్తారంట. నాకు అదేమీ వెయ్యలేదు. పైగా వెనక పన్నుకు ఒక పుచ్చు ఉంది, అందులోకి జెల్ దిగింది, జివ్వున లాగుతున్నది అందుకే. చిగుళ్ళు కొన్ని రోజుల్లో మానుతాయని చెప్పి, పుచ్చు నింపడానికి రమ్మనింది.

"గార తీయించి ఉంటే నీ కాఫీ మరకలు చాలావరకు దాంతోనే పోయేవమ్మా" అనింది చివర్లో. ఇంకా తెలుపు కావాలంటే పళ్ళకు కొలత తీసి వాటికి తొడుక్కునే ట్రే చేయించి, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌తో ఇంట్లోనే రాత్రిళ్ళు రెండు వారాల పాటు పెట్టుకోవచ్చంట. నిదానం, కానీ జివ్వుమనడం తక్కువ.

మా చిన్నాన్న కొడుకు కూడా అదే కూపన్ కొని పెట్టుకున్నాడు. వాడు పలమనేరు పక్క బోరు నీళ్ళు తాగి పెరిగినోడు, పళ్ళ మీద తెల్ల చారలు, గోధుమరంగు మచ్చలు. వాడి ఫోటో డాక్టరమ్మకు చూపించినా. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే మచ్చలాగుంది, పన్ను తయారయ్యే చిన్న వయసులోనే లోపల పడేది, ఈ జెల్ పూస్తే మొదట్లో తెల్లచారలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడొచ్చు, మనిషిని తీసుకురా అనింది. వాణ్ణి ఆపేసినా.

కొత్త క్యాప్ వేయించుకుందామంటే, తెల్లబడిన రంగు కుదురుకోవడానికి రెండు వారాలు ఆగాలంట, లేకుంటే మళ్ళీ రంగు కలవదు. అంటే చెల్లెలి పెళ్ళి అయిపోయినాకే. మా అమ్మ నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దుదామంటోంది. పులుపుకు పంటి పైపొర అరిగిపోతుంది, పోయిన పొర మళ్ళీ రాదు, అందుకే వద్దన్నా.

ఎక్కడికి పోయినా పూసేది డాక్టరేనా, జెల్ ఎంత శాతం అని ముందు అడగండి. క్యాపులూ పుచ్చులూ చూడకుండా పూస్తామంటే లేచి వచ్చేయండి. బిల్లు తీసుకోండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినా, ఆ చీటీ ఫోటో కూడా పెట్టినా.

ఆ శనివారం బయట కుర్చీల్లో కూర్చున్న అక్కల్లో ఎవరైనా ఇది చదువుతుంటే, మీకేమైందో కింద రాయండి. అడ్వాన్సు కట్టి ఇంకా పోనివాళ్ళుంటే నాకు మెసేజ్ పెట్టండి, నా చిగుళ్ళ ఫోటోలు పంపిస్తా.