నెల్లూరు దర్గామిట్టలోని ఒక వీసా సలహా కేంద్రం: 21 ఏళ్లు నిండబోతున్న మా మేనల్లుడి కోసం వెళ్లినప్పటి అనుభవం

మా అక్క కొడుకు నెల్లూరులో పుట్టి, నాలుగేళ్ల వయసులో అమెరికాలోని టెక్సాస్ వెళ్లాడు. వాడి చెల్లెలు అక్కడే పుట్టింది కనుక ఆ దేశ పౌరురాలు. వాడు మాత్రం తండ్రి ఉద్యోగ వీసా హెచ్-1బి మీద ఆధారపడిన హెచ్-4 వీసాతోనే కాలేజీ దాకా వచ్చాడు. వచ్చే ఫిబ్రవరిలో 21 నిండితే ఆ వీసా చెల్లదు. అందుకే సెలవులకు వచ్చిన వాణ్ణి ఈ కేంద్రానికి తీసుకెళ్లాను.

మొదటి రోజు నిరాశే మిగిలింది. ముందు గదిలోని అమ్మాయి ఇంటర్ మార్కులు అడిగి, ఇక్కడినుంచి ఎంఎస్‌కు వెళ్లేవారికిచ్చే కాగితాలే మా చేతిలో పెట్టింది.

మరునాడు అక్కడి పెద్దాయన మాత్రం రెండు గంటలు ఓపికగా మాట్లాడారు. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉన్నందువల్ల మనవారి వరుస ఏళ్ల తరబడి సాగుతోందనీ, 2002 నాటి చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు కోసం తండ్రి పేరిట వేసే ఐ-140 దరఖాస్తు పరిశీలనలో ఉన్న రోజులను, ఆయనతోపాటు గ్రీన్‌కార్డు కోరే పిల్లల వయసులోంచి తీసివేస్తారనీ, మా బావ ప్రీమియం రుసుము కట్టి దాన్ని త్వరగా ఆమోదింపజేసుకున్నందువల్ల వాడికి కలిసివచ్చేది కొద్ది రోజులేననీ లెక్కవేసి చూపించారు. పిల్లల మేలు కోరి కట్టిన డబ్బు వాడికే నష్టమైందని తెలిసి నా మనసు కలుక్కుమంది.

ఇక మిగిలింది 21 నిండేలోగా విద్యార్థి వీసా ఎఫ్-1కు మారడం. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసే అనుమతి) కింద 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగు కోర్సులైతే మరో 24 నెలలు పనిచేయవచ్చు. ఆ తర్వాత తండ్రిలాగే హెచ్-1బి లాటరీలో నిలబడాలి. ఎఫ్-1 కోరేవారు చదువు ముగిశాక స్వదేశానికి తిరిగి వెళతామని చూపించాలని ఆయన చెప్పినప్పుడు, తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాని మావాడు, "మామయ్యా, నేను తిరిగి రావలసిన ఊరు ఇదేనా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

లేని ఆశలు పెట్టకపోవడం, దరఖాస్తు తాము నింపకుండా అమెరికాలోని లాయరు చేతనే వేయించమనడం నాకు నచ్చాయి. పిల్లలకు పదిహేడేళ్లు రాగానే వెళ్లడం మంచిది. మేము ఆలస్యం చేశాం. ఐ-140 రసీదు, ఆమోదపత్రం రెండూ వెంట తీసుకెళ్లండి. వాటి మీది తేదీలు చూడనిదే ఆయన లెక్క మొదలుపెట్టరు.