తిరుపతి బైరాగిపట్టెడలో సోషల్ ట్యూషన్: మూడు వారాలు జవాబులే చెప్పలేదు

మా పాప ఏడో తరగతి. సోషల్ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా అప్పజెబుతుంది, మార్కులు మాత్రం రావు. మొన్నటి పరీక్షలో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని ఎందుకు మార్చారని అడిగితే, 1565లో ఎవరు ఎవరితో కొట్లాడారో పేజీన్నర రాసింది. 'ఎందుకు'కు ఒక్క వాక్యం లేదు. అందుకే మా వీధిలో రిటైరైన సార్ ఒకాయన దగ్గర చేర్పించాను. నెలకు 800.

మొదటి మూడు వారాలు ఉత్త ప్రశ్నలే. చదవడం, పుస్తకం మూసేసి అదే ప్రశ్నను సొంత మాటల్లో చెప్పడం. చెప్పలేకపోతే జవాబు జోలికి పోనివ్వరు. ప్రశ్నలు చదవడానికి కూడా డబ్బులా అని మా ఆయన గొణుగుడు. నాకూ టెన్షనే. మిషన్ కుట్టిన డబ్బులు కదా.

నాకు బాగా నచ్చింది దేవుడి సంగతులు ఆయన చెప్పే తీరు. "కుబేరుడి దగ్గర స్వామి అప్పు చేసింది నిజమా సార్?" అని ఒక పిల్లోడు అడిగాడంట. అది స్థలపురాణం, పల్లవ రాణి సామవాయి తిరుమలకు వెండి విగ్రహం ఇచ్చిందనేది శాసనంలో ఉన్న మాట అని రెండూ బోర్డు మీద పక్కపక్కన రాశారంట. నమ్మకం గురించి అడిగితే మొదటిది, ఆధారం అడిగితే రెండోది రాయమన్నారంట. ఎవరి భక్తినీ తక్కువ చేయలేదు. రోజూ కొండకు దండం పెట్టే మా అత్తమ్మ కూడా విని "బాగా చెప్పినాడే" అనింది.

ఒక ఆదివారం పిల్లల్ని బస్సులో చంద్రగిరి కోటకు తీసుకుపోయారు, నేనూ వెళ్లాను. రాజమహల్ ముందు నిలబెట్టి "ఇది హిందూ కట్టడమా, ముస్లిం కట్టడమా?" అని అడిగారు. సగం మంది అటు, సగం మంది ఇటు. కింద కమానులు చూపించారు, పైన గోపురాల్లాంటి శిఖరాలు చూపించారు. ప్రశ్నలోనే మెలిక ఉందని పాపకు అక్కడే వెలిగింది. నాకు కూడా. ఇన్నేళ్లు ఆ దారిన పోతా వస్తా ఉన్నా తలెత్తి చూసిందే లేదు.

లోపాలు లేకపోలేదు. వరండాలో పన్నెండు మందికి ఒకే ఫ్యాను, ఆరు దాటితే దోమలు. మ్యాప్ పాయింటింగ్ పెద్దగా చెప్పించరు, అది ఇంట్లో మేమే చూసుకుంటున్నాం. బ్రహ్మోత్సవాలకు తొమ్మిది రోజులూ సెలవు, ఫీజులో ఒక్క రూపాయి తగ్గించలేదు.

తర్వాతి పరీక్షలో 41 నుంచి 63కు వచ్చింది. ఇంకో తిప్పలేమంటే, ఇప్పుడు ఇంట్లో ఏం అడిగినా "ఎందుకు అని అడుగుతున్నావా, ఎలా అని అడుగుతున్నావా అమ్మా?" అంటోంది. పాలు ఎందుకు పొంగించావే అంటే కూడా!