వెన్లాఫాక్సిన్ రెండేళ్ళు: వేసుకోని రోజు సంగతి

డిప్రెషన్ మాత్ర వేసుకుంటే ఎట్లుంటుందో అందరూ చెప్తారు. వేసుకోకపోతే ఎట్లుంటుందో నన్నడగండి.

ముందు ఎస్సిటాలోప్రామ్ వాడితే దిగులు సగమే తగ్గింది. మిర్టాజాపిన్‌తో నిద్ర బ్రహ్మాండం, కానీ అర్ధరాత్రి లేచి సంగటి ముద్ద వెతుక్కునేవాణ్ణి; నాలుగు నెలల్లో ఏడు కిలోలు పెరిగాను. మూడోది వెన్లాఫాక్సిన్ 75 ఎంజీ. మొదటి పది రోజులు కడుపులో తిప్పింది. ఆరో వారానికి ఎవరూ లేపకుండానే లేచి కొట్టు తెరిచాను. ఇంతకు మించిన మందు లేదని ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా.

పోయిన వేసవిలో చిత్తూరు నుంచి అక్కావాళ్ళు వస్తే కొండకు పోయాం, సర్వదర్శనం. ఆ హడావిడిలో పొద్దున వేసుకోవాల్సిన క్యాప్సూల్ మరిచాను. స్ట్రిప్పేమో సంచిలో, సంచేమో సామాన్ల కౌంటర్లో. సాయంత్రానికి బయటపడతాంలే అనుకుంటే కంపార్ట్‌మెంట్లోనే తెల్లారింది. తల పక్కకు తిప్పితే చాలు, పుర్రెలో జర్రున కరెంటు పాకుతుంది. నాలుక్కి బ్యాటరీ తగిలినట్టు, క్షణం. మళ్ళీ తిప్పితే మళ్ళీ. వొళ్ళంతా చెమట. కారణం లేకుండా ఏడుపు. గోవిందలు కొడుతున్న ఒక పెద్దామె నా కన్నీళ్ళు చూసి భక్తి అనుకుని దండం పెట్టింది.

"ఏందిరా, అట్లా అయిపోతా ఉండావు?" అనింది అక్క. ఆమెకు ఈ మందుల సంగతి తెలీదు. ఆకలక్కా అన్నాను. దర్శనం కాగానే లడ్డు కౌంటరుక్కూడా పోకుండా సంచి కోసం పరిగెత్తాను. క్యాప్సూల్ వేసుకున్నాక సాయంత్రానికి తల నిలబడింది.

ఈ మందు వొంట్లోంచి గంటల్లోనే దిగిపోతుందంట, అదీ దీని గొడవ. ఫ్లూయాక్సిటిన్ అని ఇంకో డిప్రెషన్ మందుంది, అదైతే రోజుల తరబడి ఉంటుంది, ఒక పూట మరిచినా తెలీదన్నాడు డాక్టరు. దానికి మారుద్దామా అంటే, పనిచేస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం, అప్పుడప్పుడూ బీపీ మాత్రం చూపించుకో అన్నాడు. ఎప్పుడన్నా మానాలన్నా ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాల్సిందే.

నాది ఇల్లు, కొట్టు, ఇల్లు. వేళకు మింగగలను కాబట్టి నాకు చెల్లుతోంది. 'ఇదే రాయించుకో' అని లారీ తోలే స్నేహితుడికి చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకున్నాను. వాడు వేళకు అన్నమే తినడు.

ఇప్పుడు చొక్కా జేబులో ఎప్పుడూ రెండు క్యాప్సూల్స్ ఉంటాయి. మొన్న అక్క చూసి ఏందివని అడిగితే, గ్యాస్ మాత్రలన్నాను.